రేకు అంచు మీద ఎండ

యుద్ధపు ట్యాంకు సల్మాన్ అరచేతిలో ఇమిడిపోయింది. ముదురాకుపచ్చ రంగు నిన్ననే ఆరింది. నీళ్లలా పలచన చేసిన నలుపు సందుల్లోకి దిగి, ఎక్కడ చీకటి ఉండాలో అక్కడ చీకటి నిలిచింది. ఇక మిగిలింది అంచులు. కరెంటు లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెతో సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగిన దగ్గర్నుంచి కోరుట్లకు కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. అందుకని పని కిటికీ దగ్గర, ఎండ ఉన్నంతసేపే.

సీసా మూతలో లేతాకుపచ్చ కలిపాడు. కుంచె ముంచి, బొటనవేలి గోటి మీద ఒత్తి అదనపు రంగు తీసేశాడు. మొనతో గీస్తే గీత వంకర పోతుంది. కుంచె పక్కను అంచుకు వాలుగా ఆనించి లాగాలి, దారి అంచే చూపిస్తుంది. చిటికెన వేలిని బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగాడు. మూల దగ్గర కొంచెం లావుగా మొదలై, పోనుపోను సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది గీత. ఎండ మీద నుంచి పడి ఇనుము అంచు మెరిసినట్టే ఉంది. రెండో గీత కాస్త దొడ్డుగా పోయింది. వెంటనే తడి కుంచెతో తుడిచేశాడు. ఆరకముందైతే ఏ తప్పయినా తుడుచుకుపోతుంది.

"క్యా రే, పోరగాళ్లు ఆడుకునే బొమ్మకు గింత సోకెందుకు?" అన్నాడు మంచం మీది నుంచి తండ్రి లతీఫ్.

"పోరగాళ్లవి కావబ్బా. జగిత్యాల సుబేదార్ సాబ్‌వి."

"ముసలోళ్లాడుకునే బొమ్మలా? గది ఇంకా గమ్మతి."

లతీఫ్ లారీ బాడీలకు రంగులేసి పేరు తెచ్చుకున్నవాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, నోరు మాత్రం వణకడం లేదు. "నేను లారీకి గుంజిన గీత మెట్‌పల్లి నుంచి బొంబాయి దాక పోయింది. నీ గీత ఈ బల్ల దాటదు" అని రోజుకొకసారైనా అంటాడు. సల్మాన్ నవ్వి ఊరుకుంటాడు. సమ్మె మొదలయ్యాక లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సల్మాన్ రంగులేసే షెడ్డుకు తాళం పడింది. చేతిలో ఉన్నది ఈ ట్యాంకుల పనే.

అయినా అతని గీత బల్ల దాటింది. రంజాన్ నెలలో పక్కింటి నరేశ్ ట్రాలీ ఆటోకు నీలం రంగు వేస్తూ, ట్యాంకుల మీద నేర్చిన విద్యను మొదటిసారి నిజం బండి మీద పెట్టాడు. లారీ గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావు ఉంటాయి. ఇది అట్లా కాదు. లేతనీలంతో ప్రతి మూలనా ఎండ పడ్డట్టు గీశాడు. దోస్తు బండి గనుక ఉత్తపుణ్యానికే చేశాడు. మబ్బు పట్టిన రోజు కూడా ఆ బండి ఎండలో ఉన్నట్టే కనిపించేది. దానికి నరేశ్ మురిసిపోయి స్టాండులో అందరికీ చూపించాడు.

ఆ బండే ఇప్పుడు కిటికీ ముందు ఆగింది. వెనక పెద్ద పెద్ద గుండిగలు, కట్టెలు. నంబరు ప్లేటు మీద జెండా గుడ్డ వేలాడుతోంది. ఇవాళ నడిరోడ్డు మీద వంటావార్పు.

"అరే సల్మాన్, రారా! కిటికీ కాడ కూసుండి ట్యాంకులతోని ఎవని మీదికి యుద్ధం పోతవ్?"

"రేపియ్యాలెరా ఇవి. నువ్వు పో, నేనెనుక అత్త."

"అత్తవ్, అత్తవ్. పప్పు సల్లారినంక అత్తవ్."

నరేశ్ తల్లి బుచ్చవ్వ బియ్యం సంచి ఎత్తిపెట్టి బండి ఎక్కింది. సల్మాన్ పోలేదు. ఇంకో మూల, ఇంకో అంచు అనుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక రోడ్డు వైపు నుంచి కేకలు వినబడ్డాయి, ఆ తర్వాత చెప్పులు లేని కాళ్లు గల్లీలోకి పరుగెత్తుకొచ్చిన చప్పుడు.

ఏం జరిగిందో సల్మాన్ తల్లి మైమూనా బీ ఇంటింటా అడిగి వచ్చి చెప్పింది. లాఠీలు లేచాయి. గుండిగలు బోర్లాపడ్డాయి. టైర్ల పొగలో ఏదో ట్రాలీ బండి పోలీసు జీపును గీరుకుంటూ పోయింది, ఒక కానిస్టేబుల్ కాలు మీదికి ఎక్కింది. ఎవరి బండో ఎవరికీ తెలియదు. నీలం ట్రాలీలు ఊళ్లో బోలెడున్నాయి.

"మావోడు గుండిగలు దించి, గట్నుంచి గటే సిరిసిల్ల పోయిండట" అంది బుచ్చవ్వ, మోచేతికి పసుపు పట్టించుకుంటూ. సిరిసిల్లలో ఆమె బిడ్డ సంగీత ఉంది. అల్లుడు అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. "అక్కను సూడక మస్తు దినాలాయె, పోనీ తియ్యి."

సల్మాన్ కూడా పోనీలే అనుకున్నాడు.

మర్నాడు ట్యాంకులను దూదిలో చుట్టి, అట్టపెట్టెలో పేర్చి, టీవీఎస్ బండి ముందు పెట్టుకుని జగిత్యాల బయలుదేరాడు. దారంతా రాళ్లు, కాలిన టైర్ల తీగలు. బస్సు ఒక్కటీ లేదు.

సుబేదార్ లక్ష్మీరాజం ఇంట్లో ముందుగది నిండా ఒక బల్ల ఉంటుంది. దాని మీద ఇసుక, అట్టముక్కల గుట్టలు, స్పాంజి చెట్లు. ఫౌజులో తనతో పనిచేసిన ఇద్దరు ఆదివారాలు వస్తారు. టేపుతో కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ, ఒకరి ట్యాంకులను ఒకరు కూలగొట్టుకుని, భోజనం చేసి వెళ్తారు. ఇవాళ వాళ్లు లేరు. గోడ పక్కన కుర్చీలో బనియను వేసుకున్న మనిషొకడు వేణ్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కింద ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.

"మా మేనల్లుడు. వేరే జిల్లా నుంచి బందోబస్తుకు అచ్చిండు. నిద్రలేక సస్తున్నడు" అన్నాడు లక్ష్మీరాజం. అని, భూతద్దం తీసుకుని మొదటి ట్యాంకు మీదికి వంగాడు. చాలాసేపు ఒక్కో అంచూ చూశాడు. సల్మాన్‌కు ఇష్టమైన సమయం ఇదే. పెద్దమనిషి పెదవులు కదలకుండా చూస్తుంటే గుండెలో ఏదో పొంగేది.

"వాహ్! అరే, ఇటు సూడవయ్యా. ఇనుప ముక్క లేదు, ఉత్త ప్లాస్టిక్. గని ఇనుము తీర్గ మెరుస్తున్నది. ఎక్కడిదా మెరుపు? ఒక్క గీత. అంతే."

మేనల్లుడు మర్యాదకు చూసి తలాడించాడు.

"నీకు తెల్వదయ్యా. ఈ చుట్టుపక్కల ఏ బండి మీది గీతైనా సూపియ్యి. ఎవడు గీసిండో సల్మాన్ చెప్తడు. పరీక్ష పెట్టు, కావాలంటే."

ఆ మాటకు ఆ మనిషి కొంచెం నవ్వాడు. సరదాకేనన్నట్టు కుర్చీ పక్కనున్న సంచీలోంచి వార్తాపత్రికలో చుట్టిన వస్తువొకటి తీసి ఇచ్చాడు. "ఇది చెప్పు చూద్దాం."

అరచేతంత రేకు ముక్క. ఒక మూల చిరిగి, మెలిపడి ఉంది. ముదురు నీలం. సల్మాన్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు వాల్చాడు. చూడగానే నవ్వొచ్చింది. సంతలో తప్పిపోయిన సొంత మేక ఎదురొచ్చినట్టయింది.

"ఇది నాదే సార్!"

"ఎట్లా చెప్తావు?"

"సూడుండ్రి, మావోళ్ల గీతలు ఒక్క తీరు లావుంటయి. గిది మూల కాడ లావు, పోను పోను సన్నం. గీ ట్యాంకు మీద ఉన్నట్టే. జిల్లాల బండి మీద గిట్ల గీసెటోడు ఇంకోడు లేడు సార్."

"గొప్పోడివే. ఎన్ని బండ్లకు గీశావు ఇట్లా?"

"ఒక్కదానికే. మా నరేశ్ బండికి."

బకెట్లో నీళ్లు కదలడం ఆగింది. లక్ష్మీరాజం భూతద్దం బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి తడి కాళ్లను తువ్వాలుతో నెమ్మదిగా తుడుచుకుని, లేచి వచ్చి, సల్మాన్ చేతిలోంచి రేకు ముక్క తీసుకున్నాడు. మళ్లీ అదే కాగితంలో చుట్టాడు.

"మా కానిస్టేబుల్ కాలు రెండు చోట్ల విరిగింది" అన్నాడు. గొంతులో కోపం లేదు. "వాడికి ముగ్గురు పిల్లలు. నరేశ్ అంటే ఏ ఊరు? కోరుట్లేనా?"

అప్పటికి అర్థమైంది సల్మాన్‌కు. "నరేశ్‌ది కాదేమో సార్... పాత రేకులు అమ్ముకుంటరు... ఎవలన్న కొనుక్కున్నరేమో..." అంటూ ఏదేదో అన్నాడు. తన మాటలు తనకే నవ్వులాటగా వినిపించాయి.

"చాయ్ చల్లారుతుంది, తాగు" అన్నాడు ఆ మనిషి.

సల్మాన్ తాగాడు. అడుగు దాకా తాగి కప్పు కింద పెట్టాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ చాయ్ ఎందుకు తాగానన్నది అతనికి అంతుబట్టలేదు. లక్ష్మీరాజం గేటు దాకా వచ్చాడు గాని అతని ముఖంలోకి చూడలేదు. "ఎరికుంటే నేను పరీక్ష పెట్టుమనకపోదును" అని మాత్రం గొణిగి తలుపు వేసుకున్నాడు.

ఊరు దాటాక తుమ్మచెట్టు కింద బండి ఆపి నరేశ్‌కు ఫోను చేశాడు. స్విచ్చాఫ్. మళ్లీ చేశాడు. అదే. సంగీత నంబరు తన దగ్గర లేదు. బుచ్చవ్వ దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తుంది. ఎందుకురా అంటుంది. ఆ ఎందుకు దగ్గరే అతని ఆలోచన మాటిమాటికీ ఆగిపోయింది. సిరిసిల్లకు టీవీఎస్ మీద పోవచ్చు. ట్యాంకులో పెట్రోలు అంతంతమాత్రం, బంకులు మూతపడ్డాయి, దారిలో ఎన్ని చోట్ల ఆపుతారో. కారణాలకేం, కావాలంటే కట్టెలమోపంత దొరుకుతాయి.

ఇంటికి చేరేసరికి బుచ్చవ్వ గిన్నె మీద ఆకు కప్పి తెచ్చింది. "మక్కగారెలు కొడుకా. మావోడు లేడు గదా, వాని పాలు నువ్వు తిను."

నంబరు అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు. సల్మాన్ గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది పెద్దవ్వా అన్నాడు. ఆమె గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దెక్కేలోపు నరేశ్‌ను సిరిసిల్లలో అక్క ఇంట్లో పట్టుకున్నారు. పేరూ ఊరూ తెలిశాక చుట్టాల ఇళ్లు వెతకడం పోలీసులకెంతసేపు. సాంచాల షెడ్డు వెనక పరదా కప్పి పెట్టిన బండిని కూడా తెచ్చారు. పరదా తీసి మూల చిరిగిన చోట రేకు ముక్క ఆనించి చూశారట, అతికినట్టు సరిపోయిందట. బుచ్చవ్వ గడపలో కూలబడి ఏడుస్తుంటే, కల్లు గీసే రోజుల్లో ఎంత ఎత్తుకైనా భయపడని నరేశ్ తండ్రి ఐలయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవడో చెప్పిండు. లేకుంటే సిరిసిల్లల ఉన్నడని, బండి ఆనిదేనని ఎట్ల తెల్సు? ఎవని నోరు పడిపోవాల్నో!" అంది బుచ్చవ్వ. మైమూనా బీ ఆమె వీపు నిమురుతూ, "ఆమీన్" అన్నట్టు తలూపింది. సల్మాన్ లోపలికి వెళ్లి నీళ్ల బిందె దగ్గర ఊరికే నిలబడ్డాడు.

సాయంత్రానికి దోషి కూడా దొరికాడు. ఆటోస్టాండులో సామేలు అని ఒకడున్నాడు. వారం కింద గిరాకీ సీరియల్ తప్పి ముందుకొచ్చావని నరేశ్‌తో కొట్లాడాడు. అతని భార్యది సిరిసిల్ల దగ్గర ఊరు. ఇంకేం కావాలి? దీక్షా శిబిరం టెంటు దగ్గర అతన్ని చుట్టుముట్టారు. ఒకడు మెడలో కండువా లాగేశాడు. ఇంకొకడు అతని ఆటో టాపును కత్తితో ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చాడు.

"నా పిల్లల మీద ఒట్టు. నేను చెప్పలే" అన్నాడు సామేలు. చుట్టూ చూశాడు. సల్మాన్ కనబడగానే ముఖం కొంచెం తేటపడింది. "సల్మాన్, నువ్వు నరేశ్ దోస్తువు గదా. నువ్వన్న చెప్పరాదు. నేను గసోంటోన్నా?"

అందరూ సల్మాన్ వైపు తిరిగారు. నరేశ్ ప్రాణస్నేహితుడి మాటకు ఆ రోజు అక్కడ విలువుంది.

"నాకేం తెల్వదన్నా" అన్నాడు సల్మాన్.

ఆ మాటతో సామేలు పని అయిపోయింది. చిరిగిన టాపు గాలికి కొట్టుకుంటుంటే, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. సల్మాన్‌కు తన మీద తనకు అసహ్యం పుట్టింది. రేకు ముక్క దగ్గర నోరు జారింది, నిజమే, అది తెలియక జరిగింది. ఇది తెలిసి చేసింది. గట్టిగా నాలుగు మాటలు అంటే పోయేది. ఆ నాలుగు మాటల కోసం ఇంటికి వచ్చాక కూడా పెదవులు కదిపి చూసుకున్నాడు. మిగిలిన ట్యాంకులు బల్ల మీద దుమ్ము పట్టాయి. "పని మీద మనసు లేదేందిరా?" అని లతీఫ్ అడిగితే, కళ్లు మంటలు అన్నాడు.

పెద్దమనుషులు, వకీళ్లు తిరిగి తిరిగి నరేశ్‌ను బెయిలు మీద తీసుకొచ్చారు. శిబిరం దగ్గర దండలు వేశారు. నరేశ్ కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. సల్మాన్ జనం వెనక నిలబడ్డాడు. ఇవాళ మాత్రం చెప్పెయ్యాలి, అందరి ముందే చెప్పాలి అని గట్టిగా అనుకుని వచ్చాడు. మైకు చేతులు మారుతూ నరేశ్ దగ్గరికి వచ్చింది.

"ఒక్క ముచ్చట చెప్పాలె" అన్నాడు నరేశ్. "సామేలన్నను ఎవలేమనద్దు. ఆయనేం చెప్పలే. పేపరోళ్ల ఫోటోల నా బండి పడ్డది. గా ఫోటో సూసి పట్టుకున్నరు. సామేలన్న ఆటో టాపు కోసినోడు, రేపటికి కొత్తది ఎయ్యాలె."

చప్పట్లు కొట్టారు. ఎవరో సామేలును వెతకడానికి పరుగెత్తారు. సల్మాన్ గుండె మీది బండ దిగిపోయింది. ఫోటో! ఏ ఫోటో ఐతేనేం, వాళ్లకు ఫోటో దొరికింది. చెప్పాల్సిన మాట ఇక అక్కర్లేదు. ఇంటికి నడుస్తూ ఆకలి వేస్తోందని గమనించాడు.

రెండు రోజుల తర్వాత, కోర్టు నుంచి విడిపించుకున్న ట్రాలీ ఆటో కిటికీ ముందు ఆగింది. మూల దగ్గర కొత్త రేకు వెల్డింగు చేసి ఉంది. నరేశ్ దిగి, కాలు చాపుకుని గడప పక్క అరుగు మీద కూర్చున్నాడు.

"సల్మాన్ భాయ్, జర రంగెయ్యాలె" అన్నాడు.

చిన్నప్పటి నుంచి అరే అనో, రారా అనో తప్ప ఇంకోలా పిలవని మనిషి. భాయ్ అని గిరాకీలు పిలుస్తారు. సల్మాన్ చేతిలో డబ్బా మూత తెరుచుకోలేదు. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పి తెరిచాడు. గరుకు కాగితంతో రేకు రుద్దాడు. నీలం వేశాడు. ఎనామిలు ఎండకు పొర కట్టేదాకా బండి పక్కనే నిలబడ్డాడు.

"నీ గీతను ఆ పోలీసు సారు మస్తు మెచ్చుకున్నడు" అన్నాడు నరేశ్, రోడ్డు వైపు చూస్తూ. "కొట్టకముందే చెప్పిండు. నీ దోస్తు చేతిలో బంగారం ఉందయ్యా అన్నడు."

"నరేశ్, నాకు తెల్వదురా. రేకు ముక్క సేతిల వెట్టంగనే..."

"ఎరికే. తెలిస్తే నువ్వు చెప్పవ్. గది నాకెరికే." చాపిన కాలు సవరించుకున్నాడు. "నీకు తెల్సినంక, నాకెందుకు చెప్పలే?"

"ఫోన్ చేసిన. బందున్నది."

"అక్కకు?"

సల్మాన్ నీలం కుంచెను గుడ్డతో తుడవసాగాడు.

"గా పొద్దు మా ఇంటి గారెలు తిన్నవట. నా పాలువి. అవ్వ చెప్పింది."

కిటికీలోంచి లతీఫ్ దగ్గు వినిపించింది. సల్మాన్ నేల చూపులు చూస్తూ, "గీత పెట్టను. ఉత్త నీలమే ఉంచుత" అన్నాడు.

"గట్లెందుకు? పెట్టాలె. ఎప్పటి తీర్గనే పెట్టు. లేకుంటే ఎందుకు పెట్టలేదని అవ్వ అడుగుతది. నేనేం చెప్పాలె? మా అవ్వ, మీ అమ్మీ ఒక్క పొయ్యి కాడ కూసునేటోళ్లు. గది ఖరాబు చేసుడు నాకిష్టం లేదు, గందుకే మైకుల ఫోటో అని చెప్పిన. నీది నాది ఏరే ముచ్చట."

సల్మాన్ లేతనీలం కలిపాడు. కుంచెను గోటి మీద ఒత్తాడు. పక్కను వాలుగా ఆనించి, మూల దగ్గర మొదలుపెట్టి లాగాడు. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండునని అతనికి అనిపించింది. గీత ఎప్పటిలాగే, సన్నగా, చక్కగా, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. కొత్త రేకుకూ పాత రేకుకూ తేడా పోయింది.

అప్పుడే బుచ్చవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బండి చుట్టూ తిరిగి, మూల దగ్గర వంగి చూసింది. కొడుకును పట్టుకుపోయిన దగ్గర్నుంచి ఆమె ముఖం మీద లేని నవ్వు వచ్చింది.

"ఎండ పడ్డట్టే ఉన్నది కొడుకా! తెగింది ఏడనో సూద్దామన్న దొరుకుత లేదు. నీ చెయ్యి సల్లగుండ!"

ఆ మాట సల్మాన్‌కు చెంపదెబ్బలా తగిలింది. కుంచె చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాడు. "పెద్దవ్వా" అన్నాడు. "పోలీసోళ్లకు చెప్పింది..."

నరేశ్ వంగి హ్యాండిల్ గుంజాడు. డీజిల్ ఇంజిన్ గల్లీ అదిరిపోయేలా మోగింది. సల్మాన్ పెదవులు ఇంకో రెండు మాటల దాకా కదిలాయి. నరేశ్ ఇంజిన్ను కాసేపు అట్లాగే ఉంచి, తల్లి ముఖం చూసి, ఆపాడు.

"ఏందో అన్నవ్ కొడుకా, ఇనవడలే" అంది బుచ్చవ్వ, గీతను ముట్టుకోబోతూ.

"ఏం లేదే అవ్వా" అన్నాడు నరేశ్. "రంగు పచ్చిగుంది, ముట్టద్దంటున్నడు."

ఆమె చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు ఎంత చిన్నగా చెప్పినా వినబడుతుంది. నరేశ్ హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసేసి, సల్మాన్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎప్పటిదాక ఆరుతది కొడుకా?" అని అడిగింది బుచ్చవ్వ.

"రేపటిదాక పెద్దవ్వా" అన్నాడు సల్మాన్.